పాత మందులు, కొత్త వైరస్‌లు: నూట ముప్ఫై ఏళ్ల సింహావలోకనం

1889 చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో విజృంభించిన ఫ్లూ కొద్ది నెలల్లోనే రైళ్లలో, ఓడల్లో ప్రపంచమంతా తిరిగింది. దానికి కారణమేమిటో అప్పటి వైద్యులకు తెలియదు. జ్వరమంటే వాళ్లు మొదట తీసే మందు క్వినైన్. సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చే ఆ చేదు మందు మలేరియాకు నిజంగానే పనిచేస్తుంది. మలేరియా జ్వరాన్ని తగ్గించేది ఈ జ్వరాన్నీ తగ్గిస్తుందనుకున్నారు, ఇచ్చారు. నాలుగైదు రోజుల్లో చాలామందికి జ్వరం దిగింది. ఆ ఘనత క్వినైన్ ఖాతాలో పడింది. మందు వేసుకోనివాళ్లకు కూడా అన్ని రోజులకే దిగుతోందా అని పక్కన పెట్టి లెక్క చూసే అలవాటు అప్పటికి వైద్యానికి లేదు.

అదే ఫ్లూ కాలంలో లండన్‌లో కార్బాలిక్ ఆమ్లానికి కొత్త వాడకం వెదికారు. శస్త్రచికిత్స గాయాలు చీము పట్టకుండా జోసెఫ్ లిస్టర్ వాడి, ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన క్రిమిసంహారిణి అది. గాయంలో క్రిముల్ని చంపేది ముక్కులో మాత్రం ఎందుకు చంపదన్న ఆలోచనతో దాన్ని రబ్బరు బంతిలో నింపి, నొక్కి పీల్చుకునేలా తయారుచేసి 'కార్బాలిక్ స్మోక్ బాల్' పేరుతో అమ్మారు. రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడాక కూడా ఫ్లూ వస్తే నూరు పౌండ్లు ఇస్తామని 1891లో పత్రికల్లో ప్రకటన వేశారు. శ్రీమతి కార్లిల్ చెప్పినట్టే వాడారు. 1892 జనవరిలో ఆమెకు ఫ్లూ వచ్చింది. కంపెనీ డబ్బు ఇవ్వనంది. ఆమె కోర్టుకెక్కి, ఆ ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టులో గెలిచారు. కాంట్రాక్టు చట్టం చదివిన మన లా విద్యార్థులందరికీ ఈ కేసు కంఠోపాఠం. వైద్య విద్యార్థులకూ చెప్పవలసిన కేసే ఇది. ఇచ్చిన మాటకు కంపెనీ కట్టుబడాలా అన్నది కోర్టు తేల్చింది. ఆ మందు ఫ్లూను ఆపుతుందా అన్న ప్రశ్నను తేల్చే చోటు మాత్రం అప్పుడు ఎక్కడా లేదు.

ఆ చోటు లేకపోవడం ఎంత ప్రమాదమో 1918లో తెలిసింది. ఆ ఏడాది బొంబాయి రేవులో దిగిన ఫ్లూ ఒక్క మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలు తీసింది. ప్రపంచంలో ఏ దేశమూ అంతమందిని పోగొట్టుకోలేదు. మళ్లీ క్వినైన్ ఇచ్చారు. దానికి తోడు మరో మందు వచ్చి చేరింది. అమెరికాలో ఆస్పిరిన్ మీద బేయర్ కంపెనీకున్న పేటెంటు 1917లో ముగిసింది, ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చు. ఆస్పిరిన్ జ్వరాన్ని దించుతుంది, ఒళ్లు నొప్పుల్ని తగ్గిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆనాటి వైద్యులు సిఫారసు చేసిన మోతాదు రోజుకు 8 గ్రాముల నుంచి 31 గ్రాముల దాకా ఉండేది. ఇప్పుడు రోజుకు 4 గ్రాములు దాటనివ్వరు. మోతాదు మించిన ఆస్పిరిన్ ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తుంది. కారెన్ స్టార్కో అనే అమెరికన్ వైద్యురాలు 2009లో ఆ పాత రికార్డులు తిరగేసి, 1918 మరణాల్లో కొన్నింటికి ఆస్పిరిన్ కారణమై ఉండవచ్చని వాదించారు. ఎన్నింటికి అంటే ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మందు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చి ఉంటే ఆ జవాబు అప్పుడే, ప్రాణాలు పోకముందే దొరికేది.

ఫ్లూకు కారణం వైరస్ అని మనిషి నుంచి దాన్ని వేరుచేసి చూపించింది 1933లో, ఇంగ్లండ్‌లో. పోల్చి చూసే పద్ధతి గట్టిపడటానికి మరో పదేళ్లు పట్టింది. అది మొదట అక్కరకొచ్చింది కూడా జలుబు విషయంలోనే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బూజు నుంచి తీసిన పెనిసిలిన్ అద్భుతాలు చేస్తోంది. అదే జాతి బూజు నుంచి తీసిన పట్యులిన్ అనే పదార్థాన్ని బ్రిటిష్ నావికుల మీద వాడి చూస్తే జలుబు త్వరగా తగ్గినట్టు కనిపించింది. 1943లో లాన్సెట్ పత్రికలో ఆ వార్త రాగానే ఆశలు పెరిగాయి. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వెంటనే తొందరపడలేదు. ఫ్యాక్టరీల్లో, పోస్టాఫీసుల్లో పనిచేసే వెయ్యి మందికి పైగా జలుబు రోగులను తీసుకుని, కొందరికి పట్యులిన్ కలిపిన ద్రావణం, మిగిలినవారికి అది కలపని ద్రావణం ఇచ్చింది. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. చివర లెక్క చూస్తే రెండు వైపులా జలుబు ఒకే తీరున తగ్గింది. పట్యులిన్ కథ అక్కడితో ముగిసింది. ఇప్పుడు ఆ పదార్థం పేరు వినపడేది కుళ్లిన ఆపిల్ పండ్లలో చేరే విషంగానే. ఆపిల్ రసంలో అది ఎంతకు మించి ఉండకూడదో ఆహార భద్రతా నియమాల్లో రాసి ఉంటుంది. ఆ పరీక్ష జరగకపోయి ఉంటే దాన్ని ఎంతమంది పిల్లల ముక్కుల్లో పోసేవారో!

ఆ తరువాత ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త ఈ పద్ధతికి చివరి మెరుగు పెట్టాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అన్న పరీక్షలో ఏ రోగి ఏ వరుసలో పడాలో డాక్టరు ఎంచుకోకుండా, ముందే సీలు వేసిన కవర్లలో అంకెల వరసను బట్టి రాసి పెట్టించాడు. 1948లో ఫలితం వచ్చింది. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు, ఇవ్వని 52 మందిలో 14 మంది చనిపోయారు. మొత్తం 107 మంది. మందు గట్టిది కాబట్టి అంత చిన్న లెక్కలోనే స్పష్టంగా తేలింది. శ్వాసకోశ వైరస్‌ల మీద వాడే మందుల్లో అంత గట్టివి అరుదు. నూటికి ఇద్దరినో ముగ్గురినో కాపాడే మందును పట్టుకోవాలంటే రోగులు వందల్లో కాదు, వేలల్లో కావాలి. ఈ సంగతిని వైద్యలోకం ఒంటపట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది.

1966లో అమెరికాలో అమాంటడిన్‌కు ఫ్లూ మందుగా అనుమతి దొరికింది. ఈ మందు ప్రయాణం ఎదురు దిశలో సాగింది. ఫ్లూ రాకుండా అమాంటడిన్ వేసుకున్న 58 ఏళ్ల పార్కిన్సన్స్ రోగి ఒకామె, మందు వేసుకున్నన్నాళ్లూ తన వణుకు, బిగుసుకుపోవడం బాగా తగ్గాయని, మానేయగానే తిరిగి వచ్చాయని బోస్టన్‌లో తన వైద్యుడు రాబర్ట్ ష్వాబ్‌కు చెప్పింది. ఆయన కొట్టిపారేయలేదు. మరెందరో రోగులకు ఇచ్చి చూసి, 1969లో ప్రకటించాడు. ఫ్లూ వైరస్ మాత్రం ఆ మందుకు తట్టుకోవడం నేర్చుకుంది. 2006 జనవరిలో అమెరికా ఆరోగ్య శాఖ, ఫ్లూకి అమాంటడిన్ ఇక వాడవద్దని చెప్పేసింది. పార్కిన్సన్స్ రోగులు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. రోగి చెప్పిన మాట నుంచి అనుమానం పుట్టాలి, పరీక్షలో అది నిలబడాలి. పాత మందుకు కొత్త పని దొరికే సరైన దారి ఇదేనని నా నమ్మకం.

ఈ దారి వదిలేస్తే ఏమవుతుందో 2003లో సార్స్ చూపించింది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదలై హాంకాంగ్, సింగపూర్, టొరంటోల దాకా పాకిన ఆ కరోనా వైరస్ 8 వేల మందికి పైగా సోకి, 774 మందిని చంపింది. మందు లేదు. రిబావిరిన్ అప్పటికే చేతిలో ఉంది. 1970ల్లో కనిపెట్టిన ఆ మందును పసిపిల్లల్లో ఆర్‌ఎస్‌వి అనే శ్వాసకోశ వైరస్‌కు పొగమంచులా పీల్పించేవారు, హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి ఇచ్చేవారు. సార్స్ రోగులకు పెద్ద మోతాదుల్లో ఎక్కించారు. చాలామందికి రక్తకణాలు విచ్ఛిన్నమై రక్తహీనత వచ్చింది. దాంతోపాటు స్టెరాయిడ్లు, అవీ భారీ మోతాదుల్లో. బతికి బయటపడ్డవారిలో కొందరికి తర్వాత తుంటి ఎముకకు రక్తం అందక ఎముక చచ్చుబడింది. వైరస్‌ను తప్పించుకున్న వయసువాళ్లు చేతికర్రతో నడవాల్సి వచ్చింది. హెచ్‌ఐవి మందు లోపినావిర్-రిటోనావిర్ జోడీని హాంకాంగ్ వైద్యులు వాడి, మంచి ఫలితం కనిపించిందని రాశారు. కానీ వాళ్లు పోల్చింది అంతకుముందు వచ్చిన రోగులతో.

2006లో ఒక బృందం సార్స్ చికిత్సల మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ ముందేసుకుని చదివింది. రిబావిరిన్ మీద 30 నివేదికలు ఉంటే వాటిలో 26 ఏ సంగతీ తేల్చనివి, నాలుగు హాని జరిగి ఉండవచ్చని చెప్పేవి. స్టెరాయిడ్ల మీద 29 ఉంటే 25 ఏమీ తేల్చలేదు, నాలుగు హానిని సూచించాయి. ఏ మందూ మేలు చేసిందని చెప్పలేం అన్నది వారి ముగింపు. వేల మంది రోగులు, ప్రాణాలకు తెగించి పనిచేసిన వైద్యులు, నెలల తరబడి నరకం. తరువాతి తరానికి అందాల్సిన జ్ఞానం మాత్రం దాదాపు శూన్యం. నా దృష్టిలో సార్స్ మిగిల్చిన అతి పెద్ద నష్టాల్లో ఇదొకటి.

సార్స్ తరువాత బర్డ్ ఫ్లూ భయం ముసురుకున్నప్పుడు డేవిడ్ ఫెడ్సన్ అనే వైద్యుడు పదేపదే ఒక మాట చెప్పాడు. కొత్త వైరస్ వస్తే టీకా, కొత్త మందు ముందు ధనిక దేశాలకు చేరతాయి. పేద దేశాలకు చేరేలోపు ప్రాణాలు పోతాయి. అందుకని వైరస్‌ను కాక, వైరస్‌కు మన శరీరం స్పందించే తీరును అదుపు చేసే చవక మందులను, ప్రతి ఊళ్లో దొరికేవాటిని, ఇప్పుడే పరీక్షించి పెట్టుకోవాలి. ఆయన ఎక్కువగా చెప్పింది కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ల గురించి. అవి ఫ్లూలో పనిచేస్తాయా అన్నది వేరే సంగతి. ఆయన అడిగిన ప్రశ్న సరైనది, అడిగిన చోటు కూడా సరైనది. 2008లో రాసిన ఆ మాటల్ని 2020 దాకా పట్టించుకున్నవారు తక్కువ.

2020 వచ్చింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం, కానీ దాని వేళ్లు లోతుగా ఉన్నాయి. 1934లో బేయర్ కంపెనీలో హాన్స్ ఆండర్‌సాగ్ తయారుచేసిన క్లోరోక్విన్‌కు అది తోబుట్టువు. మలేరియా మందుల కుటుంబం లూపస్, కీళ్లవాతం రోగులకు ఉపశమనం ఇస్తుందని 1950ల నాటికే తెలిసింది, ఇప్పటికీ ఇస్తోంది. అంటే పాత మందుకు కొత్త పని దొరకడంలో దానికి మంచి చరిత్రే ఉంది. సార్స్ వైరస్‌ను గాజుపాత్రలో క్లోరోక్విన్ అణచివేస్తుందని 2004, 2005ల్లోనే రుజువైంది. అందుకే కోవిడ్ రాగానే అందరి చూపూ దాని మీద పడింది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో దిదియే రౌల్ బృందం 2020 మార్చిలో 36 మంది లెక్కతో ఒక పత్రం ప్రచురించింది. మందు ఇచ్చిన 26 మందిలో ఆరుగురిని ఆ లెక్కలోంచి తీసేశారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకి వెళ్లినవారు, ఒకరు చనిపోయినవారు. అలాంటి పత్రాన్ని పట్టుకుని దేశాధినేతలు మాట్లాడారు. మార్చి 28న అమెరికా అత్యవసర అనుమతి ఇచ్చింది. మన ఐసీఎంఆర్ మార్చి నాలుగో వారంలోనే, వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చని సలహా ఇచ్చింది. లూపస్ రోగులు మందుల షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

అబద్ధం ఒకే వైపు నుంచి రాలేదు. ఆ మందు వల్ల గుండె దెబ్బతిని చనిపోతున్నారంటూ మే 22న లాన్సెట్‌లో 96 వేల మంది రోగుల లెక్కతో ఒక పత్రం వచ్చింది. ఆ లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో చూపించలేకపోవడంతో జూన్ 4న దాన్ని వెనక్కి తీసుకున్నారు. మందును మెచ్చుకున్నదీ, తిట్టినదీ రెండూ గాలి మీద నిలబడ్డవే.

అదే సమయంలో ఇంగ్లండ్‌లో మరో పని నిశ్శబ్దంగా సాగుతోంది. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే మార్చి మొదట్లో కూర్చుని ఒక పరీక్షకు రూపం ఇచ్చారు. దాని పేరు రికవరీ. హార్బీ అంటువ్యాధుల వైద్యుడు, లాండ్రే వేల మంది గుండె రోగులతో పెద్ద పరీక్షలు నడిపినవాడు. ఊపిరాడని రోగుల మధ్య పరుగెత్తే నర్సు చేత నలభై పేజీలు నింపించకూడదని వాళ్లకు తెలుసు. అందుకే కాగితం పని వీలైనంత తగ్గించారు. రోగి అంగీకారం తీసుకుంటారు, కంప్యూటరు ఏ వరుసలో వేస్తే ఆ వరుస, 28 రోజుల తరువాత బతికి ఉన్నారా లేదా. మార్చి 19న మొదటి రోగి చేరాడు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు దాదాపు అన్నీ, చిన్న పట్టణాల్లోవి కూడా, ఇందులో చేరాయి. జూన్ నెలలోనే మూడు జవాబులు వచ్చాయి. జూన్ 5న హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి. చివరి లెక్కలో మందు ఇచ్చిన 1,561 మందిలో నూటికి 27 మంది, ఇవ్వని 3,155 మందిలో నూటికి 25 మంది చనిపోయారు. ప్రయోజనం లేదు. పది రోజుల్లో అమెరికా తన అనుమతిని ఉపసంహరించుకుంది. నెలాఖరున లోపినావిర్-రిటోనావిర్ వంతు. దానివల్లా లాభం లేదు. హాంకాంగ్‌లో 2003లో తేల్చి ఉండాల్సిన సంగతి పదిహేడేళ్ల తరువాత తేలింది.

గాజుపాత్రలో వైరస్‌ను అణచిన క్లోరోక్విన్ మనిషిలో ఎందుకు ఓడిపోయిందో కూడా అదే ఏడాది తెలిసింది. ప్రయోగశాలలో సాధారణంగా వాడేది కోతి మూత్రపిండపు కణాలు. వాటిలోకి వైరస్ దూరే దారి ఒకటి, మనిషి ఊపిరితిత్తుల కణాల్లోకి దూరే దారి మరొకటి. క్లోరోక్విన్ మొదటి దారినే మూస్తుంది. ఆ తరువాత 2021లో మరో పరిశోధన బయటపెట్టింది: ఈ తరహా మందులు చాలావరకు కణంలో కొవ్వు పదార్థాలు పేరుకునేలా చేసి, వైరస్ తగ్గినట్టు కనిపించేలా చేస్తాయి. అది మందు పనితనం కాదు, కణం జబ్బుపడటం.

జూన్ 16న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గురించి రికవరీ ఇచ్చిన రెండో జవాబు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

డెక్సామెథసోన్ పుట్టుక 1948 నాటి ఒక ప్రయోగంలో ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో మంచానపడ్డ 29 ఏళ్ల యువతికి కార్టిసోన్ ఇంజెక్షన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు, కెండాల్, రైక్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. మొదట్లో కార్టిసోన్‌ను పశువుల పైత్యరసం నుంచి ఎంతో కష్టపడి తయారుచేసేవారు. దాన్ని మెరుగుపరుస్తూ పోగా 1958 నాటికి డెక్సామెథసోన్ మార్కెట్లోకి వచ్చింది. శరీరంలో సహజంగా ఉండే కార్టిసాల్ కంటే పాతిక రెట్లు బలమైనది. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మొట్టమొదటి అత్యవసర మందుల జాబితాలోనే దానికి చోటుంది. ఆస్తమాకు, అలర్జీకి, మెదడు వాపుకు ఇస్తారు. పేటెంటు ఎప్పుడో తీరింది, ధర కొద్ది రూపాయలు.

వైరస్ న్యూమోనియాలో స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం అరవై ఏళ్లుగా తెగని తగువు. రోగనిరోధక శక్తిని అణచే మందును ఇన్ఫెక్షన్‌లో ఎలా ఇస్తారని ఒకరు, ప్రాణం తీసేది వైరస్ కాదు, ఆ రోగనిరోధక శక్తి పెట్టే మంటే కదా అని మరొకరు. సార్స్ అనుభవం మొదటివారికి బలాన్నిచ్చింది. 2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌లో మామూలుగా స్టెరాయిడ్లు వాడవద్దనే చెప్పింది. రికవరీ పరీక్షలో 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజుల దాకా ఇచ్చారు, 4,321 మందికి మామూలు వైద్యమే చేశారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మందు లేకపోతే నూటికి 41 మంది చనిపోయారు, మందుతో 29 మంది. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26 నుంచి 23కి తగ్గింది. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో లెక్క తిరగబడింది: మందు లేకుండా 14, మందుతో దాదాపు 18.

ఈ మూడో అంకె మీద మన దృష్టి నిలవలేదని నా బాధ. మొదటి వారంలో శరీరం వైరస్‌తో పోరాడుతోంది. అప్పుడు స్టెరాయిడ్ ఇస్తే పోరాడే చేతులు కట్టేసినట్టే. రెండో వారంలో కొందరిలో ఆ పోరాటమే అదుపు తప్పి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ పని అప్పుడు. ఒకే మందు, ఒకే రోగి, వారం తేడాతో ప్రాణం పోస్తుంది, హాని కూడా చేయవచ్చు. ఈ సంగతిని ఆరు దశాబ్దాలు వాదించినవారెవరూ తేల్చలేదు. ఆరు వేల నాలుగు వందల మంది రోగులు మూడు నెలల్లో తేల్చారు. డెక్సామెథసోన్ వల్ల 2021 మార్చి నాటికి బ్రిటన్‌లో 22 వేల మంది, ప్రపంచంలో సుమారు పది లక్షల మంది బతికారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అంచనా వేసింది.

మన దేశంలో 2020 జూన్ 27న కేంద్ర ఆరోగ్య శాఖ తన చికిత్సా నియమాల్లో డెక్సామెథసోన్‌ను చేర్చింది. తెలుగు నేల మీద ఆ మందు కొత్తదేమీ కాదు. పల్లెల్లో ఆర్‌ఎంపీలు జ్వరానికి, కీళ్ల నొప్పులకు 'డెక్సా' సూది వేయడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల ముంచెత్తినప్పుడు, ఆసుపత్రుల్లో పడక దొరకనప్పుడు, ఆక్సిజన్ తగ్గకముందే, జ్వరం వచ్చిన రెండో రోజునే స్టెరాయిడ్ మాత్రలు మింగిన ఇళ్లు లెక్కలేనన్ని. షుగరు చూసుకోకుండా వాడారు, చెప్పినదానికి రెండింతలు, మూడింతలు వాడారు. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా మొదటి రోజుల్లో స్టెరాయిడ్ వద్దని బహిరంగంగా హెచ్చరించారు. అప్పటికే చాలా ఆలస్యమైంది. బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. జూన్ చివరికి దేశంలో 40 వేలకు పైగా కేసులు. అందులో సగం మందికి పైగా స్టెరాయిడ్లు వాడినవారు, అరవై శాతానికి పైగా షుగరు ఉన్నవారు. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు, దాన్ని తగ్గించే యాంఫోటెరిసిన్ మందు కోసం బంధువులు పడిగాపులు పడ్డారు. ప్రాణం కాపాడిన మందే సరైన వేళ, సరైన మోతాదు దాటేసరికి కళ్లు తీసింది, దవడలు తీసింది.

రెమ్‌డెసివిర్ సంగతి మరో రకం. హెపటైటిస్, ఆర్‌ఎస్‌వి పరిశోధనల్లో పుట్టి, ఎబోలా మీద కాంగోలో పరీక్షించగా వెనకబడిన మందు అది. కోవిడ్‌లో కోలుకునే కాలాన్ని కొన్ని రోజులు తగ్గిస్తుందని అమెరికా పరీక్షలో తేలింది. హైదరాబాద్‌లో హెటెరో కంపెనీ లైసెన్సు తీసుకుని 2020 జూన్‌లోనే తయారీ మొదలుపెట్టింది. ముప్ఫై దేశాల్లో నడిచిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్ష, ఆసుపత్రిలో ఉన్నవారి మరణాలను అది చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని ఆ అక్టోబరులోనే ప్రకటించింది. అయినా 2021 వసంతంలో మన నగరాల్లో ఆ ఇంజెక్షన్ కోసం నగలు తాకట్టు పెట్టారు, బ్లాక్‌లో కొన్నారు. ఆక్సిజన్ మీద ఉన్న రోగికి నిరూపితంగా పనిచేసే కొద్ది రూపాయల మందు పక్కనే ఉంది. దానికోసం ఎవరూ పరుగెత్తలేదు. ఖరీదైనదే గొప్ప మందన్న నమ్మకం మన ఇళ్లలో ఎంత బలంగా ఉందో ఆ వారాలు చూపించాయి. తరువాతి పరీక్షల్లో రెమ్‌డెసివిర్, జబ్బు మొదట్లోనే ఇస్తే ఆసుపత్రి పాలవకుండా కాపాడుతుందని తేలింది. ఇక్కడా నిర్ణయించింది వేళే.

డీఆర్‌డీవో ప్రయోగశాల, డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చిన 2-డీజీ కూడా పాత పదార్థమే. క్యాన్సర్ చికిత్సలో ఎప్పటి నుంచో ప్రయత్నిస్తున్న మార్పు చేసిన గ్లూకోజు. 2020 ఏప్రిల్‌లో హైదరాబాద్ సీసీఎంబీలో వైరస్ మీద దాన్ని పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా పది రాష్ట్రాల్లో మూడో దశ పరీక్ష జరిగింది. రోగులు 220 మంది. 2021 మేలో అత్యవసర అనుమతి వచ్చింది. ఆలోచన తప్పని నేను అనను. 220 మందితో ప్రాణం నిలుస్తుందో లేదో చెప్పలేమని మాత్రం అంటాను. ఫావిపిరావిర్ అంతకన్నా ఎక్కువ అమ్ముడైంది. జపాన్‌లో ఫ్లూ మందుగా పుట్టిన ఆ మాత్రలు 2020లో మన మందుల చీటీల్లో మామూలైపోయాయి. మరణాలు తగ్గించినట్టు గట్టి ఆధారం ఏదీ రాలేదు.

ఐవర్‌మెక్టిన్ గురించి క్లుప్తంగానే చెబుతాను. నులిపురుగుల మీద, ఆఫ్రికాలో నది అంధత్వం మీద అది చేసిన మేలుకు కాంప్‌బెల్, ఓమురాలకు 2015లో నోబెల్ వచ్చింది, న్యాయంగా వచ్చింది. కోవిడ్ వైరస్‌ను గాజుపాత్రలో అణచడానికి వాడిన మోతాదు మనిషి రక్తంలో చేరగలిగేదానికి ఎన్నో రెట్లు. ప్రాణాలు కాపాడుతుందని చెప్పిన ఈజిప్టు పత్రాన్ని 2021 జులైలో తొలగించారు. బ్రెజిల్‌లో 1,358 మందితో జరిగి, 2022లో ఫలితం వచ్చిన పరీక్షలో లాభం కనిపించలేదు.

గెలిచినవీ ఉన్నాయి. కీళ్లవాతానికి ఇచ్చే టోసిలిజుమాబ్, రికవరీ పరీక్షలో 4,116 మందిలో మరణాలను నూటికి 35 నుంచి 31కి తగ్గించింది. మరో కీళ్లవాతం మందు బారిసిటినిబ్ పేరును 2020 ఫిబ్రవరిలో ఒక లండన్ కంపెనీ కంప్యూటర్ల సాయంతో మందుల జాబితాలన్నీ జల్లించి సూచించింది. అది వేల మంది మీద పరీక్షలో నిలిచింది. కీళ్లవాతం మందుల వరుసలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా తలచుకోవాలి. లెడర్లీలో ఆయన బృందం పనితో వచ్చిన మెథోట్రెక్సేట్ లుకేమియా మందుగా మొదలై, 1988లో అమెరికాలో కీళ్లవాతానికీ అనుమతి పొందింది. ఇక సార్స్‌లో ఏమీ తేలకుండా మిగిలి, కోవిడ్‌లో ఓడిపోయిన జోడీలోని రిటోనావిర్ చివరకు మరో రూపంలో పనికొచ్చింది. మందును కాలేయం త్వరగా విరిచేయకుండా అడ్డుకునే గుణం దానిది. నిర్మాట్రెల్విర్ అనే కొత్త మందుకు తోడుగా ఇస్తే, ముప్పు ఎక్కువగా ఉన్నవారు ఆసుపత్రిలో చేరడం బాగా తగ్గింది.

మన దేశానికి ఇలాంటి పరీక్షలు చేతకావని ఎవరైనా అంటే ఒప్పుకోను. కోలుకున్నవారి ప్లాస్మా పనిచేస్తుందా అన్న ప్రశ్నను 2020లో ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో, 464 మంది రోగులతో, లాక్‌డౌన్ మధ్యలోనే తేల్చింది. లాభం లేదన్న జవాబు ఆ అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, ప్రపంచం గౌరవించింది. మన చికిత్సా నియమాల్లోంచి ప్లాస్మా తొలగింది మాత్రం 2021 మే 17న. ఆ ఏడు నెలల్లో ప్లాస్మా దాతల కోసం ఫోన్లు చేసి చేసి అలసిపోయిన కుటుంబాలకు ఆ జవాబు చేరనే లేదు. మనం పరీక్ష చేయగలిగాం, దాని మాట వినలేకపోయాం.

ఇంకా తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 800 మంది తీవ్ర న్యూమోనియా రోగులతో జరిగి, 2023లో ఫలితం వచ్చిన పరీక్షలో మరో పాత స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ మరణాలను 11.9 శాతం నుంచి 6.2 శాతానికి తగ్గించింది. ఫ్లూ రోగులను మాత్రం అందులో చేర్చలేదు. తీవ్రమైన ఫ్లూలో స్టెరాయిడ్ మేలా కీడా అన్న ప్రశ్నను రికవరీ బృందమే చేపట్టింది. ఆ జవాబులో మన రోగులు కూడా ఉండాలి. మన షుగరు, మన క్షయ, మన పోషణ వేరు.

గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు పెద్దాసుపత్రి, తిరుపతి రుయా. ఒక్కో చలికాలంలో ఈ ఆసుపత్రుల వార్డుల్లోకి వచ్చే న్యూమోనియా రోగులతోనే ఎన్నో ప్రశ్నలు తేల్చవచ్చు. కావలసింది కొత్త భవనాలు కాదు, ముందే రాసి, నైతిక సంఘం అనుమతి తీసుకుని సిద్ధంగా పెట్టుకున్న ఒక పథకం, రెండు పేజీల తెలుగు అంగీకార పత్రం, లెక్క రాసే ఒక నర్సు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ పని ఇప్పుడు, వార్డులు ప్రశాంతంగా ఉన్నప్పుడే చేయాలి. చదువుతున్న మీకూ ఒక విన్నపం. మీ ఇంట్లోవారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇలాంటి పరీక్షలో చేరతారా అని డాక్టరు అడిగితే భయపడి కాగితం తిప్పికొట్టకండి. ఏ మందు, ఏ రోజున ఇస్తారు, నచ్చకపోతే ఎప్పుడైనా బయటికి రావచ్చా అని అడగండి. జవాబులు సబబుగా ఉంటే చేరండి.